వరి కాలువలో దొరికిన ఈ మొక్క ఏది? తొట్టెలో బతుకుతుందా?

పచ్చతొట్టె (మధురవాడ) — ఆగస్టు 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఇక్కడి మాటలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

ఆదివారం ఆనందపురం దాటాక ఉన్న మా బంధువుల ఊరికి వెళ్లాం. నాట్లు వేసిన పొలానికి నీరు తీసుకెళ్లే పిల్లకాలువలో ఒక మొక్క కనిపించింది. నీటి లోపల ఆకులు దారపు పోగుల్లా సన్నగా చీలి, కాడ చుట్టూ నక్కతోకలా ఉన్నాయి. నీటిపైకి లేచిన రెండంగుళాల కొసకు మాత్రం మామూలు ఆకులు, వాటి అంచున చిన్న రంపపు పళ్లు. రెండు మొక్కలు కలిసి పెరిగాయేమో అనుకున్నాను. చేయి పెట్టి కాడను తడుముకుంటూ కిందికి వెళితే ఒకటే కాడ! పొలం పెద్దాయనను అడిగి నాలుగు కొసలు తుంచి, సీసాలో నీళ్లు పోసి తెచ్చుకున్నాను.

నాది రెండడుగుల తొట్టె, 54 లీటర్లు. 18 వాట్ల ఎల్‌ఈడీ దీపం, స్పాంజి ఫిల్టరు, ఆరు గప్పీలు, ఈ మధ్యే పుట్టిన పది పన్నెండు గప్పీ పిల్లలు. అడుగున నది ఇసుక. దుకాణాల్లో కబాంబా అని అమ్మే మొక్కలా అనిపిస్తోంది. అదేనా? పెంచవచ్చా?

నాచుమిత్ర (గాజువాక) — ఆగస్టు 11, రాత్రి 10:15

కబాంబా కాదు. మన దుకాణాల్లో దొరికే కబాంబాకు ఆకులు జతలుగా ఎదురెదురుగా వస్తాయి. ప్రతి ఆకుకూ చిన్న కాడ ఉండి, దాని చివర విసనకర్రలా చీలుతుంది. మీరు చెప్పినట్లు కాడ చుట్టూ చక్రంలా ఉంటే లిమ్నోఫిలా అనే నీటిమొక్క కావాలి. సెరటోఫిల్లమ్ అనే నాచు కూడా చక్రంలాగే ఉంటుంది కానీ దానికి వేర్లు ఉండవు, చేతికి గరుకుగా తగులుతుంది, నీటిపైన వేరే రకం ఆకులు వేయదు.

ఒక ఫొటో పెట్టండి. దీపం వెలుతురులో వద్దు, పగటి వెలుతురులో తీయండి.

గెడ్డగట్టు (సింహాచలం) — ఆగస్టు 12, ఉదయం 5:50

బాబూ, నీటి లోపలి ఆకును ఒకటి తుంచి వేళ్ల మధ్య నలిపి వాసన చూడు. లిమ్నోఫిలాల్లో కొన్నింటికి ఘాటు ఉంటుంది. అది మొదటి గుర్తు మాత్రమే. పేరు ఖాయం కావాలంటే పువ్వు చూడాలి. పువ్వు కాడతో వస్తే లిమ్నోఫిలా ఇండికా. కాడ లేకుండా కణుపుకే అంటుకుని వస్తే సెసిలిఫ్లోరా గానీ హెటెరోఫిల్లా గానీ కావచ్చు. నీటి లోపలి ఆకులు మూడింటికీ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఫొటో చూసి జాతి పేరు చెప్పేస్తే నేను నమ్మను.

ఒకే కాడకు రెండు రకాల ఆకులు ఎందుకని నీకు ఆశ్చర్యం కలిగింది చూశావా, ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాక కూడా నాకు ఆ ఆశ్చర్యం పోలేదు. బొగ్గుపులుసు వాయువు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందుకని నీటి లోపలి ఆకు తనను తాను పోగులు పోగులుగా చీల్చుకుని నీటికి తగిలే వైశాల్యం పెంచుకుంటుంది. ఎండకు ఆరిపోతుందన్న భయం లేదు కాబట్టి పైపొర పలచగా ఉంటుంది. నిటారుగా నిలబెట్టే పని నీరే చూసుకుంటుంది కనుక గట్టిదనమూ అక్కర్లేదు. కాడ నీటిపైకి రాగానే ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది, ఆకు మారిపోతుంది. నీ సీసాలోని కొసలను తొట్టెలో పూర్తిగా ముంచితే పైఆకులు నాలుగైదు రోజుల్లో కుళ్లిపోతాయి. కంగారుపడవద్దు, కొత్త చిగురు దారాల ఆకులతోనే వస్తుంది.

ఇంకో మాట. మనవాళ్లలో చాలామందికి విదేశాల నుంచి వచ్చిన మొక్క అంటేనే విలువ. కానీ దుకాణంలో హైగ్రో అని అమ్మే హైగ్రోఫిలా పాలీస్పెర్మా, గులాబీ రంగు తిరిగే రొటాలా రొటండిఫోలియా, మెలికలు తిరిగిన పువ్వుల క్రిప్టోకొరైన్ రెట్రోస్పైరాలిస్, ఈ మూడింటి శాస్త్రీయ నామాలకూ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ పేరు అంటుకుని ఉంటుంది. ఆయన 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లకముందు మన సామర్లకోటలోనే పనిచేశాడు. మూడూ మన దేశపు నీళ్లలో పెరిగేవే. నువ్వు పొలం కాలువలో వంగి చూసి మొక్కను పట్టుకున్నావు, ఆ చూపు వదులుకోవద్దు.

అడిగి తీసుకున్నావు, వేరు వదిలి కొసలే తుంచావు. అదే సరైన పద్ధతి. కంబాలకొండ వైపు వెళితే మాత్రం ఒక్క ఆకు కూడా ముట్టుకోకూడదు. అది అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడి మొక్కలకూ వర్తిస్తుంది.

పచ్చతొట్టె — ఆగస్టు 12, రాత్రి 8:30

మాస్టారూ, నలిపి చూశాను. మామిడికాయ ముచ్చిక విరిచినప్పుడు జీడి కారుతుంది కదా, అచ్చం ఆ వాసన. మా అమ్మకు ఇస్తే ఆవిడ కూడా చూడకుండానే మామిడి అంది.

నాలుగు కొసలనూ కట్టగా కట్టి ఇసుకలో గుచ్చాను. ఎర్రమట్టి వేస్తే వేరు మొక్కలు బాగా పెరుగుతాయని ఎక్కడో చదివాను. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు మాకు దగ్గరే, అక్కడి నుంచి ఒక సంచి తెచ్చుకోవచ్చా?

సీతమ్మధార కలువ — ఆగస్టు 12, రాత్రి 9:05

వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. ఆ దిబ్బలు వేల ఏళ్లపాటు సముద్రమూ గాలీ కలిసి పేర్చినవి, జాతీయ భూవారసత్వ స్థలం. అక్కడ పిడికెడు మట్టి తీయడం కూడా తప్పే. నర్సరీలో కుండీల కోసం అమ్మే ఎర్రమట్టి చాలు. దాన్ని బకెట్‌లో కలిపి, తేలిన పుల్లలూ చెత్తా తీసేసి, అడుగున అంగుళం మందం పరిచి, పైన అంగుళంన్నర కడిగిన ఇసుక కప్పు. పశువుల ఎరువు కలిపిన మట్టి మాత్రం తీసుకోకు, నీళ్లు పాడై చేపలు చనిపోతాయి.

బీచ్ ఇసుక కూడా వద్దు. మొదట్లో నేను చేసిన పొరపాటు అదే. కొంచెం ఇసుక గిన్నెలో తీసుకుని నిమ్మకాయ పిండి చూడు, బుడగలు వస్తే అందులో గవ్వల పొడి ఉన్నట్లే. అది రోజూ కొద్దికొద్దిగా కరిగి నీళ్లను గట్టిపరుస్తుంది.

కట్ట విప్పేసి ఒక్కో కాడనూ రెండు వేళ్ల దూరంలో విడిగా నాటు. కట్టలో మధ్యనున్న కాడలకు వెలుతురు అందదు, అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. మరి తొట్టెలో పెట్టేముందు మొక్కలను శుభ్రం చేశావా?

పచ్చతొట్టె — ఆగస్టు 14, ఉదయం 6:45

చేయలేదు. కుళాయి నీళ్లతో కడిగానంతే. ఈ రోజు పొద్దున చూస్తే పది పన్నెండు గప్పీ పిల్లల్లో నాలుగే మిగిలాయి. ఇసుక మీద బూడిద రంగు పురుగొకటి, ఆరు కాళ్లు, తల పెద్దగా ఉంది. నేను చూస్తుండగానే దాని దవడ కింద నుంచి చేయిలాంటిది ముందుకు చాచి ఒక పిల్లను పట్టేసింది. చాలా బాధగా ఉంది.

గెడ్డగట్టు — ఆగస్టు 14, ఉదయం 7:10

అది తూనీగ పిల్ల. గుడ్డుగా కాడకు అంటుకునో, చిన్న పురుగుగా ఆకుల మధ్య దాక్కునో వచ్చి ఉంటుంది. చంపవద్దు, గ్లాసుతో తీసి తెచ్చిన కాలువలోనే వదిలిరా. నీ తొట్టెలో అపకారి అయినా పొలంలో దోమల పిల్లలను తినేది అదే.

సీతమ్మధార కలువ — ఆగస్టు 14, ఉదయం 7:30

చేయవలసింది చెబుతాను, ఇకముందు ఏ మొక్క తెచ్చినా పాటించు. బకెట్ నీళ్లలో పొటాషియం పర్మాంగనేట్ రెండు మూడు పలుకులే వెయ్యి, లేత గులాబీ రంగు రావాలి. ఊదా రంగు వచ్చిందంటే ఎక్కువైనట్లు. పది నిమిషాలు ముంచి, మంచినీళ్లలో రెండుసార్లు జాడించి, వేరే టబ్బులో పదిహేను రోజులు ఉంచు. నత్త గుడ్లు ఆకు అడుగున సగ్గుబియ్యం జావలా మెరుస్తూ ఉంటాయి, గోటితో గీకి తీసేయాలి. జలగ పిల్లలైతే రాత్రి టార్చి వేస్తే బయటపడతాయి. గడువు అయ్యేదాకా ఆ టబ్బులో ముంచిన మగ్గును తొట్టెలో ముంచకూడదు.

మిగిలిన నాలుగు పిల్లలనూ వేరే గిన్నెలోకి తీశావా?

పచ్చతొట్టె — ఆగస్టు 14, రాత్రి 9:00

తీశాను అక్కా. ఇంకో రెండు పురుగులు కూడా దొరికాయి. సాయంత్రం బండి మీద వెళ్లి మూడింటినీ కాలువలో వదిలివచ్చాను.

నాచుమిత్ర — ఆగస్టు 15, ఉదయం 11:20

మొక్క నిలదొక్కుకున్నాక బొగ్గుపులుసు వాయువు ఇవ్వండి. ఖరీదైన సిలిండరు లేకపోయినా పంచదార, ఈస్టు సీసాతో మొదలుపెట్టవచ్చు. అయితే మన విశాఖ వేడికి ఈస్టు మొదటి నాలుగు రోజులూ ఉధృతంగా పనిచేసి తర్వాత చల్లబడిపోతుంది, కొలత నిలకడగా ఉండదు. సిట్రిక్ ఆమ్లం, వంటసోడా సీసాలు ఇంతకంటే నయం, కవాటం తిప్పి తగ్గించుకోవచ్చు. రంగు మారే సూచిక గాజుబుడ్డి ఒకటి తొట్టెలో వేలాడదీయండి. నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే సుమారు 30 పీపీఎం (పది లక్షల పాళ్లకు 30 పాళ్లు), పసుపు అంటే చేపలకు ప్రమాదం. రాత్రి దీపం ఆపగానే వాయువు కూడా ఆపాలి.

జపాన్‌లో నీటిమొక్కల తొట్టెల రూపకర్త తకాషి అమానో 1982లో తన సంస్థ స్థాపించి లోకానికి చూపించిన తొట్టెలన్నీ ఈ వాయువు మీద ఆధారపడ్డవే. అంత దట్టంగా పెరగాలంటే వేరే దారి లేదని నా నమ్మకం.

సీతమ్మధార కలువ — ఆగస్టు 15, మధ్యాహ్నం 3:40

ఇక్కడ మీతో ఏకీభవించలేను నాచుమిత్ర గారూ. మా మేడ మీద పద్నాలుగు సిమెంటు గోళేలు ఉన్నాయి. అడుగున మట్టి, పైన ఇసుక, పొద్దుటి ఎండ, మధ్యాహ్నానికి ఆకుపచ్చ వల నీడ, అంతే. హైగ్రోఫిలా, వల్లిస్నేరియా, బ్రహ్మి, అపోనోజెటాన్ నాటాన్స్, నీలి కలువ, అన్నీ వాయువు సీసా లేకుండానే పెరుగుతున్నాయి. మట్టిలోని సేంద్రియ పదార్థం కుళ్లుతూ విడిచే వాయువే వాటికి చాలు. నెమ్మదిగా పెరుగుతాయి, నిజమే. నెమ్మదిగా పెరిగిన మొక్క వేసవి తట్టుకుంటుంది. మే నెలలో మా గోళెం నీళ్లు 34 డిగ్రీలకు చేరాయి, అపోనోజెటాన్ ఆకు రాల్చి దుంపలోకి వెళ్లిపోయింది. చచ్చిపోయిందని పారేయబోతుంటే మా అత్తగారు ఆపారు. జూన్ వానకు మళ్లీ చిగురించింది.

నాచుమిత్ర — ఆగస్టు 15, సాయంత్రం 6:10

గోళేనికి సూర్యుడు ఉన్నాడు, గదిలో తొట్టెకు లేడు. ఆ తేడా వదిలేస్తే మీ మాట ఒప్పుకుంటాను. వేసవిలో నా తొట్టె మీద ఫ్యాను పెట్టినా ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గదు. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, నీరు ఆవిరైతే కదా చల్లబడేది. క్రిప్టోకొరైన్లు రెండేళ్లు వరుసగా ఏప్రిల్‌లోనే కరిగిపోయాయి. వేరు కదపకుండా వదిలేస్తే మళ్లీ వచ్చాయి.

పెందుర్తి రైతుబిడ్డ — ఆగస్టు 16, ఉదయం 6:20

ఎరువు సంగతి నేను చెబుతాను. చిన్న సీసాల్లో అమ్మే ద్రవాల మీద డబ్బు తగలేయకండి. ఎరువుల దుకాణంలో బిందుసేద్యానికి వాడే 13-0-45 అడగండి, అది పొటాషియం నైట్రేటే. 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. కిలో పొట్లం కొంటే పదిమంది పంచుకున్నా రెండేళ్లు వస్తుంది.

మీ 54 లీటర్ల తొట్టెకు అర గ్రాము 13-0-45 వేస్తే నైట్రేటు సుమారు 6 పీపీఎం పెరుగుతుంది. వారానికి ఒకసారి చాలు. ఫాస్ఫేట్ అయితే అందులో పదో వంతు. నీళ్లలో కరిగించి పోయండి, పలుకులు నేరుగా వేస్తే చేపలు తిండి అనుకుని నోట పెడతాయి.

19-19-19 మాత్రం వేయకండి! అందులో యూరియా, అమ్మోనియా రూపంలో కూడా నత్రజని ఉంటుంది. పొలానికి మంచిదే, తొట్టెలో చేపలకు విషం. మా చెల్లి తొట్టెలో ఒక్క చెంచా వేసింది, మర్నాటికి ఒక్క చేప మిగలలేదు. చిగురు తెల్లబడితే ఇనుము లోపం, చీలేటు రూపంలో (నీటిలో కరిగి మొక్కకు అందేలా) ఉన్న ఇనుము అదే దుకాణంలో దొరుకుతుంది.

పచ్చతొట్టె — ఆగస్టు 30, రాత్రి 9:15

మాస్టారు చెప్పినట్లే పైఆకులు కుళ్లిపోయాయి. నాలుగు కాడల్లో ఒకటి పూర్తిగా పోయింది, మూడింటికి దారాల చిగురు వచ్చింది. మా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల కొలత) 850 ఉంది, కుళాయి నీళ్లు 190. కుళాయి నీళ్లను ఒక రాత్రి బకెట్‌లో ఉంచి వాడుతున్నాను. అడుగున మట్టి కూడా వేశాను. సాయంత్రం దీపం వెలుతురులో ఆకు కొసల నుంచి సన్నని బుడగలు వరుసగా పైకి లేస్తుంటే మా నాన్న కుర్చీ లాక్కుని కూర్చుంటున్నారు.

ఒక భయం ఉంది. అక్టోబరులో తుపాను వచ్చి కరెంటు పోతే ఏం చేయాలి?

బుల్లిచేప (లాసన్స్ బే కాలనీ) — ఆగస్టు 31, ఉదయం 7:00

ఈ ప్రశ్నకు నేను జవాబు రాయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో మూడు తొట్టెలు ఉండేవి, రెండింటి సంగతి చెబుతాను. మా వీధిలో కరెంటు తొమ్మిది రోజులకు వచ్చింది. మొదటి తొట్టె నిండా ప్లాస్టిక్ మొక్కలు, పెద్ద గోల్డ్‌ఫిష్‌లు. రెండో రోజు సాయంత్రానికి అవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచాయి, మూడో రోజుకు మిగలలేదు. తాగే నీళ్లకే మేము బిందెలతో వరుసలో నిలబడ్డ రోజులు, వాటికి నీళ్లు మార్చే దారి లేకపోయింది.

మూడో తొట్టెలో ఫిల్టరు పాడై చాలాకాలంగా వాడటం లేదు. అందులో సెరటోఫిల్లమ్ పెరిగి సగం నిండిపోయింది, చిన్న గౌరామీలు పది ఉండేవి. గాలివానకు కిటికీ అద్దం పగిలిపోయింది. చెట్లన్నీ కూలిపోవడంతో గదిలోకి ముందెప్పుడూ లేనంత ఎండ వచ్చింది. ఆ ఎండకు ఆ మొక్కే వాటికి ఊపిరి పోసింది. పదికి పదీ బతికాయి. గౌరామీలు పైకి వచ్చి గాలి కూడా పీల్చగలవు, ఆ సంగతీ కలిసొచ్చింది.

రాత్రిళ్లు మొక్కలు కూడా ప్రాణవాయువు తీసుకుంటాయి కాబట్టి తెల్లవారుజామే గండం. నాలుగింటికి లేచి మగ్గుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి తిరిగి అదే తొట్టెలో పోసేవాడిని, యాభై మగ్గులు లెక్కపెట్టుకుని. మేత పూర్తిగా ఆపేశాను. తొట్టెను కిటికీ వెలుతురు పడేచోటికి చేర్చడం, మేత ఆపడం, చేపలు తక్కువగా ఉంచుకోవడం, ఈ మూడూ గుర్తుంచుకోండి. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి కొని పెట్టుకోండి. ఆ తర్వాత నేను ప్లాస్టిక్ మొక్క ముట్టుకోలేదు.

పచ్చతొట్టె — సెప్టెంబరు 28, రాత్రి 8:50

ఆ మూడు కాడలూ ఇప్పుడు ఇరవై రెండు అయ్యాయి! పై నుంచి జానెడు కత్తిరించి నాటుతుంటే మొదలు నుంచి రెండేసి పిలకలు వస్తున్నాయి. ఎక్కువైనవి ముడసర్లోవ జలాశయంలో వేయనా? నీరు బాగుంది, హాయిగా పెరుగుతాయి.

గెడ్డగట్టు — సెప్టెంబరు 29, ఉదయం 5:40

వేయవద్దు. మన దేశపు మొక్కే కదా అనుకోవద్దు. నీ తొట్టెలో దుకాణం మొక్కలూ ఉన్నాయి, వాటి ముక్కలు, నత్తలు, చేపల రోగాలు ఆ కాడలతో పాటే వెళతాయి. గుర్రపుడెక్క దక్షిణ అమెరికాది. పువ్వు అందంగా ఉందని తెచ్చి పెంచారు. ఈ రోజు కొండకర్ల ఆవ సరస్సులో తాటిదోనె ఎక్కి వెళ్లి చూడు, అది ఎంత అడ్డం పడుతుందో దోనె నడిపే మనిషి చెబుతాడు. మనం పంపినవీ ఉన్నాయి. మన హైడ్రిల్లా నాచు 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడా చేరి అక్కడి కాలువలను మూసేసింది. రాక్స్‌బర్గ్ పేరు అంటుకున్న హైగ్రోఫిలా పాలీస్పెర్మా కూడా ఆ దేశపు హానికర కలుపు జాబితాలో ఉంది.

ఎక్కువైన కాడలను ఎండలో పూర్తిగా ఎండబెట్టి కుండీల్లో ఎరువుగా వెయ్యి, లేదా ఇక్కడ అడిగినవారికి ఇవ్వు. రెండు కాడలు మాత్రం నీరు తక్కువగా ఉన్న టబ్బులో పెట్టి నీటిపైకి పెరగనివ్వు. మనకు పువ్వు కావాలి.

పచ్చతొట్టె — నవంబరు 9, ఉదయం 7:25

మాస్టారూ, పూసింది!

బాల్కనీ టబ్బులో నాలుగంగుళాల నీటిలో పెట్టాను. పది రోజుల కిందట కొసలు నీటిపైకి వచ్చాయి. ఈ పొద్దున కణుపు దగ్గర ఒక్క పువ్వు. మినపగింజ కంటే కాస్త పెద్దది, గొట్టంలా ఉంది, లోపల తెలుపు, అంచున లేత ఊదా. మా అమ్మ సూదిమొన పెట్టి చూపిస్తే తెలిసింది, పువ్వుకూ కణుపుకూ మధ్య సన్నని కాడ ఉంది. స్కేలు పెట్టి కొలిచాను, నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు ఫొటోలు పెడుతున్నాను, పగటి వెలుతురులోనే తీశాను.

గెడ్డగట్టు — నవంబరు 9, ఉదయం 7:50

రెండో ఫొటోలో కాడ స్పష్టంగా కనిపిస్తోంది. వాసన కూడా సరిపోయింది. లిమ్నోఫిలా ఇండికా. ఆ పువ్వున్న కొసను కత్తిరించకు, గింజ కట్టనివ్వు. ఇంకో పువ్వు వస్తే దాన్ని కాడతో సహా పాత దినపత్రిక మడతలో పెట్టి, పైన బరువు ఉంచి ఆరబెట్టు. ఊరి పేరు, కాలువ, తేదీ, నీటి లోతు కాగితం మీద రాసి పక్కన పెట్టు. నేను వచ్చి చూస్తాను.

పెందుర్తి రైతుబిడ్డ — నవంబరు 9, మధ్యాహ్నం 1:10

నాకు నాలుగు కాడలు కావాలి. బదులుగా మా పొలం గట్టు మీది చిక్లింతకూర తెస్తాను, నాలుగాకుల మొక్క. నిస్సారమైన ఇసుకలో ముంచితే తొట్టె ముందు భాగంలో పచ్చిక పరిచినట్లు పాకుతుంది.

నాచుమిత్ర — నవంబరు 9, సాయంత్రం 5:30

నాకు ఆరు. వాయువు ఇచ్చిన తొట్టెలో మూడు, ఇవ్వని తొట్టెలో మూడు నాటి, నెల తర్వాత రెండింటి ఫొటోలూ ఇక్కడే పెడతాను. కలువ గారూ, ఇసుక మాత్రం మీరు చెప్పినదే వాడతాను.

సీతమ్మధార కలువ — నవంబరు 9, రాత్రి 8:15

అయితే ఆదివారం పొద్దున ఏడింటికి సీతమ్మధార రైతుబజారు దగ్గర కలుద్దాం. కాడలను తడిపిన దినపత్రికలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో తెండి. నీళ్లు నింపిన కవరులో కాడలు కుదుపుకు విరిగిపోతాయి. పర్మాంగనేట్ పొట్లాలు నేను కట్టి తెస్తాను. మాస్టారికి మా గోళెంలోని నీలి కలువ దుంప ఒకటి తీసి ఉంచాను.